చౌక ఎకరాలు, కరవు నీళ్లు: అమెరికాలో ఒక పల్లె కౌంటీ స్వయంపోషక జీవనానికి తగినదో కాదో తేల్చేదెలా

2020లో కోవిడ్ వచ్చి, ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేయవచ్చని తేలినప్పటి నుంచి అమెరికాలో పల్లె భూముల మీద నగరవాసుల చూపు పడింది. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను నార్త్ కరోలినా పడమటి కొండలను అతలాకుతలం చేసింది. వాతావరణ మార్పు నుంచి తలదాచుకోదగిన చోటుగా పేరుపడిన ఆష్‌విల్ నగరంలో కుళాయి నీళ్లు మళ్లీ తాగడానికి పనికిరావాలంటే 53 రోజులు పట్టింది. దాంతో "మరి నిజంగా భద్రమైన చోటు ఏది?" అనే ప్రశ్న మరింత గట్టిగా వినిపించింది. దానికి జవాబుగా కౌంటీలకు మార్కులు వేసే జాబితాలు, రంగులద్దిన పటాలు, ఐదెకరాల ప్లాట్ల ప్రకటనలు వచ్చిపడుతున్నాయి. ఒకే కౌంటీని ఒక జాబితా ఆకాశానికెత్తుతుంది, మరొకటి కొట్టిపారేస్తుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో కొలరాడో రాష్ట్రంలోని కోస్టిల్లా కౌంటీని ప్రధాన ఉదాహరణగా, మిస్సోరీలోని టెక్సాస్ కౌంటీని పోలికగా తీసుకుని పరిశీలిద్దాం. ఈ రెండో కౌంటీకి టెక్సాస్ రాష్ట్రంతో సంబంధం లేదు, పేరు మాత్రమే అది.

రెండు కోరికలు, ఒకే మాటలో కలిసిపోయిన తీరు

హోమ్‌స్టెడింగ్ అనే మాటకు పాత అర్థం వేరు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమిని ఎంచుకుని, అక్కడ ఇల్లు కట్టి ఐదేళ్లు సాగు చేసినవారికి అది సొంతమయ్యేది. ఆ చట్టాన్ని 1976లో రద్దు చేశారు. అలాస్కాలో మాత్రం మరో పదేళ్లు సాగింది. ఈ రోజు అమెరికాలో ఆ పద్ధతిలో ఉచితంగా దొరికే ఫెడరల్ భూమి లేదు. ఇప్పుడు హోమ్‌స్టెడింగ్ అంటే డబ్బు పెట్టి కొన్న నేల మీద తిండిలో కొంత భాగాన్ని పండించుకోవడం, కోళ్లో మేకలో పెంచుకోవడం, నీళ్లకూ కరెంటుకూ వీలైనంత వరకు తమ మీదే ఆధారపడటం.

అత్యవసర సన్నద్ధత వేరే సంగతి. తుఫాను, కార్చిచ్చు, వారాల తరబడి కరెంటు లేకపోవడం వంటివి వచ్చినప్పుడు తట్టుకుని నిలబడగలగడం దాని లక్ష్యం. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ఇచ్చే సలహా మితమైనది: మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే 3.8 లీటర్ల చొప్పున కొన్ని రోజులకు సరిపడా నీళ్లు, తిండి, మందులు నిల్వ ఉంచుకోవాలి. ప్రెపర్లుగా పేరుపడినవారు దీన్ని నెలలకూ ఏళ్లకూ పొడిగిస్తారు, అవసరమైతే సమాజ వ్యవస్థే కూలిపోయిన స్థితికి కూడా.

ఈ రెండు కోరికలూ చాలాచోట్ల ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్నిచోట్ల మాత్రం ఎదురెదురు నిలబడతాయి. సాగు చేసేవారికి మంచి నేల, నీళ్లు, పశువైద్యుడు, మిగిలిన గుడ్లు కొనే ఊరు దగ్గర్లో కావాలి. పెను విపత్తుకు సిద్ధపడేవారు జనానికీ హైవేకూ దూరంగా ఉండాలనుకుంటారు. మంచి నేల, మంచి నీళ్లు ఉన్నచోట జనం ఎప్పుడో చేరిపోయి ఉంటారు కాబట్టి, ఇంకా ఖాళీగా ఉన్న చోటు ఎందుకు ఖాళీగా మిగిలిందన్నది అడగవలసిన ప్రశ్న. జాబితాల్లో "తక్కువ జనసాంద్రత"ను మార్కులు తెచ్చే గుణంగా రాస్తారు గాని, అది తరచు మరో లోటుకు గుర్తు.

కౌంటీ సగటు ఎందుకు చాలదు

కౌంటీని మన జిల్లాతో పోల్చవచ్చు గాని, దాని అధికారులు వేరు. కమిషనర్లను, షెరిఫ్‌ను, పన్ను మదింపుదారును స్థానికులే ఎన్నుకుంటారు. భూవినియోగ నిబంధనలు, రోడ్ల నిర్వహణ, ఆస్తి పన్ను వసూలు చాలావరకు కౌంటీ చేతిలో ఉంటాయి. కాబట్టి కౌంటీని ఒక ప్రమాణంగా తీసుకోవడంలో అర్థం ఉంది. నేల, నీళ్లు, మంటలు మాత్రం కౌంటీ సరిహద్దులను పట్టించుకోవు.

కోస్టిల్లా విస్తీర్ణం దాదాపు 1,230 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవారు 3,499 మంది, అంటే చదరపు కిలోమీటరుకు ఒకరికి కాస్త ఎక్కువ. తూర్పున సాంగ్రె డి క్రిస్టో పర్వతాలు 14,000 అడుగులు దాటి లేస్తాయి. పడమటన సముద్రమట్టానికి సుమారు ఏడున్నర వేల అడుగుల ఎత్తున సాన్ లూయిస్ లోయ బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది. కొండ మీద మంచు కురిసి అడవి పెరుగుతుంది, లోయలో ఏడాదికి 8 నుంచి 10 అంగుళాల వాన పడుతుంది. 200 నుంచి 250 మిల్లీమీటర్లన్నమాట. కరవుకు మారుపేరైన అనంతపురంలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దాకా ఉంటుందని గుర్తు చేసుకుంటే ఇదెంత పొడినేలో అర్థమవుతుంది. ఈ రెంటినీ కలిపి తీసిన సగటు ఆ కౌంటీలోని ఏ ఐదెకరాలకూ సరిపోదు.

1969లో ఫోర్బ్స్ పత్రికాధిపతి మాల్కమ్ ఫోర్బ్స్ ఇక్కడి ట్రించెరా రాంచ్‌ను కొని, కొంత భాగాన్ని ప్లాట్లుగా కోసి దేశమంతటా అమ్మించారు. అదే కాలంలో లోయలోని చదును నేలలో కూడా ఐదెకరాల ప్లాట్లు వేల సంఖ్యలో పడ్డాయి. పటం మీద వీధుల పేర్లతో సహా అన్నీ ఉన్నాయి. నేల మీద చాలా వీధులు సేజ్ పొదల మధ్య చక్రాల గుర్తులు మాత్రమే. ఇప్పటికీ కొన్ని వేల డాలర్లకే అమ్మకానికి కనబడే ప్లాట్లలో ఎక్కువ భాగం ఇవే.

నీళ్లు ఉండటం వేరు, వాడుకునే హక్కు ఉండటం వేరు

పడమటి అమెరికాలో భూమి కొంటే నీళ్లు దానంతట అవి రావు. మిస్సోరీ వంటి తూర్పు రాష్ట్రాల్లో ఏటి ఒడ్డున భూమి ఉన్నవారికి ఆ నీటిని సమంజసంగా వాడుకునే హక్కు ఉంటుంది. కొలరాడోలో సూత్రం వేరు: ముందుగా నీటిని వినియోగంలోకి తెచ్చినవారిదే ముందు హక్కు. కరవు ఏడాది వచ్చిందంటే పాత హక్కుదారు వాటా పూర్తయ్యాకే కొత్తవారికి చుక్క దక్కుతుంది. కొలరాడోలో నిరంతరాయంగా సాగుతున్న హక్కుల్లో అన్నిటికన్నా పాతది 1852 నాటి సాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ కాలువది, అది ఈ కోస్టిల్లాలోనే ఉంది. దానికి తోడు రియో గ్రాండే నదీజలాల మీద కొలరాడో, న్యూ మెక్సికో, టెక్సాస్ రాష్ట్రాల మధ్య 1938లో కుదిరిన ఒప్పందం ప్రకారం కిందికి వదలవలసిన నీళ్లు వదిలి తీరాలి. ఆ నదీపరీవాహకంలో కొత్తగా పంచడానికి మిగిలిన నీళ్లు లేవు.

బోరు వేసుకుంటే సరిపోదా అన్నది తరువాతి ప్రశ్న. కొలరాడోలో ఇంటి బోరుకు కూడా రాష్ట్ర జలవనరుల విభాగం పర్మిట్ కావాలి, అది ఏ రకం పర్మిట్ అన్నది ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి మారుతుంది. 35 ఎకరాలు లేదా అంతకు మించి ఉంటే సాధారణంగా గృహావసర బోరు దొరుకుతుంది. దానితో ఇంటి వాడకం, పశువులకు నీళ్లు, ఒక ఎకరం దాకా తోట సాధ్యం. అంతకన్నా చిన్న ప్లాటుకు, పర్మిట్ దొరికినా, సాధారణంగా వచ్చేది "ఇంటి లోపలి వాడకానికి మాత్రమే" అనే పర్మిట్. దానితో వంట, స్నానం చేయవచ్చు. పెరట్లో టమాటా మొక్కకు నీళ్లు పోయడం, మేకలకు తొట్టి నింపడం ఆ షరతుకు విరుద్ధం. చవకగా కనబడే ఐదెకరాల ప్లాటుకూ హోమ్‌స్టెడింగ్ అనే కలకూ మధ్య ఉన్న అసలు అడ్డంకి ఇదే. ప్రకటనల్లో ఎండ, కొండల దృశ్యం, పన్ను తక్కువన్న సంగతి అన్నీ ఉంటాయి, ఈ ముక్క మాత్రం అరుదుగా కనబడుతుంది.

వాననీటి మీద కూడా పరిమితి ఉందంటే మనవాళ్లకు వింతగా తోస్తుంది. 2016 చట్టం ప్రకారం కొలరాడోలో ఒక ఇంటివారు రెండు పీపాల్లో కలిపి 110 గాలన్లు, అంటే సుమారు 416 లీటర్ల వాననీరు పట్టుకోవచ్చు. పట్టణ నీటి సరఫరా అందని పల్లెవాసులకు 2009 చట్టం వేరే వెసులుబాటు ఇచ్చింది గాని, అదీ పర్మిట్‌తోనే, తమ బోరుకు వర్తించే వాడకాలకే. ఈ కట్టుబాటు వెనుక తర్కం లేకపోలేదు: నా కప్పు మీద పడ్డ చుక్క కిందనున్న పాత హక్కుదారు కాలువకు చేరవలసినదని ఆ విధానం భావిస్తుంది.

ఒక ఇంటి నీళ్ల లెక్క

నలుగురున్న కుటుంబం పొదుపుగా మనిషికి రోజుకు 50 లీటర్లతో గడుపుతుందనుకుందాం. సగటు అమెరికన్ వాడేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. రోజుకు 200 లీటర్లు, నెలకు 6,000, ఏడాదికి 73,000 లీటర్లు అవుతుంది.

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్లు వస్తాయి. కోస్టిల్లా లోయలో ఏడాదికి 9 అంగుళాలనుకుంటే మొత్తం 21,000 లీటర్ల పైచిలుకు. చట్టం సంగతి పక్కన పెట్టి, మంచుగా కురిసినదాంతో సహా ఒక్క చుక్క వృథా కాలేదనుకున్నా, ఇంటి అవసరంలో మూడో వంతు కూడా తీరదు. మిస్సోరీలోని టెక్సాస్ కౌంటీలో ఏడాదికి సుమారు 45 అంగుళాలు పడుతుంది. అదే కప్పు మీద 1,06,000 లీటర్లు. అయిదో వంతు నష్టపోయినా 85,000 మిగులుతుంది, ఇంటి వాడకం పోను ఇంకొంచెం ఉంటుంది.

తోట లెక్క దీనికి అదనం. వెయ్యి చదరపు అడుగుల కూరగాయల మడికి వారానికి ఒక అంగుళం నీళ్లు కావాలంటే 12 వారాల పంటకాలానికి 28,000 లీటర్లు దాటుతుంది. మిస్సోరీలో ఇందులో ఎక్కువ భాగం ఆకాశమే పోస్తుంది. కోస్టిల్లాలో ఎక్కడినుంచి తేవాలన్నది ప్రశ్న.

బోరు లేని చాలామంది లోయలో నీళ్లు మోసుకొస్తారు. 275 గాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండితే నీళ్ల బరువే వెయ్యి కిలోలు దాటుతుంది, మామూలు పికప్ ట్రక్కు మోయగల బరువుకు అది దాదాపు అంచు. నెలకు 6,000 లీటర్లంటే అలాంటి ట్రిప్పులు ఆరు. తోట, పశువులు ఇందులో లేవు. మామూలు రోజుల్లో ఇది శ్రమా పెట్రోలు ఖర్చూ మాత్రమే. విపత్తు వచ్చి రోడ్డో, బంకో, నీళ్లు అమ్మే కేంద్రమో మూతపడితే, స్వయంపోషకం అనుకున్న ఆ ఇల్లు నగరంలోని ఫ్లాటు కన్నా ముందే ఎండిపోతుంది.

జోన్ సంఖ్య చెప్పేది, చెప్పనిది

తోటపని చేసేవారు తరచు ఉదహరించేది అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల జోన్ పటం, 2023లో కొత్తగా సవరించారు. అది కొలిచేది ఒక్కదాన్నే: ఏడాదిలో అన్నిటికన్నా చలి రాత్రి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందన్న సగటు. ఆపిల్ చెట్టు చలికాలం దాటి బతుకుతుందా అన్నదానికి అది జవాబిస్తుంది, మొక్కజొన్న కంకి పండుతుందా అన్నదానికి ఇవ్వదు. సాన్ లూయిస్ లోయలో చాలా భాగం 4, 5 జోన్లలోకి వస్తుంది. మొక్కజొన్న సముద్రంలా కనబడే అయోవాలో కూడా ఎక్కువ భాగం 5వ జోనే. అయితే అయోవాలో మంచు గడ్డకట్టని రోజులు వరసగా ఐదు నెలల దాకా దొరుకుతాయి, సాన్ లూయిస్ లోయలో మూడు నెలలకు అటూ ఇటుగా మాత్రమే. ఎత్తు వల్ల వేసవి రాత్రులు కూడా చల్లగానే ఉంటాయి. లోయ కేంద్రమైన అలమోసాలో 1948 జనవరిలో -50 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, సెల్సియస్‌లో చెప్పాలంటే దాదాపు -46.

అయినా ఈ లోయ బంగాళాదుంపలకూ బార్లీకీ దేశమంతటా పేరున్నదే. రెండూ నిజమే. అక్కడి వ్యాపార సాగుకు పాత కాలువ హక్కులు, లోతైన బోర్లు, చలికి ఓర్చే పంటలు ఆధారం. 2002 కరవు తర్వాత భూగర్భజలం తరిగిపోవడంతో ఆ రైతులే పంపింగ్ తగ్గించుకుంటూ, రుసుములు కడుతూ నెగ్గుకొస్తున్నారు. "పక్క పొలంలో పండుతోంది కదా" అన్నంత మాత్రాన మన ప్లాటులో పండుతుందని కాదు.

ప్రమాద సూచికను తలకిందులుగా చదివే పొరపాటు

ఫెమా తయారు చేసిన జాతీయ ప్రమాద సూచిక 18 రకాల ప్రకృతి విపత్తులను లెక్కలోకి తీసుకుని ప్రతి కౌంటీకి ఒక స్థానం ఇస్తుంది. ఏడాదికి సగటున ఎంత నష్టం జరగవచ్చో డాలర్లలో అంచనా కట్టి, అక్కడి జనం ఎంత బలహీనులు అన్నదాన్ని బట్టి పెంచి, కోలుకునే శక్తిని బట్టి తగ్గిస్తుంది. విధానం సవ్యమైనదే, ప్రభుత్వం నిధులు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి పనికొస్తుంది. ఒక కుటుంబం ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్న ప్రశ్నకు అదే సంఖ్యను నేరుగా వాడితే మాత్రం బోల్తా పడతాం.

ఊహాజనితమైన రెండు కౌంటీలను తీసుకుందాం. మొదటిదాంట్లో 10 లక్షల ఇళ్లు. ఏడాదికి పదివేలలో ఒకటి కాలిపోతుంది, అంటే 100 ఇళ్లు. ఇంటికి 3 లక్షల డాలర్ల చొప్పున నష్టం 3 కోట్ల డాలర్లు. రెండోదాంట్లో 2,000 ఇళ్లు. ఏడాదికి నూటికి ఒకటి, అంటే 20 ఇళ్లు. ఇంటికి 2 లక్షల డాలర్లనుకుంటే నష్టం 40 లక్షలు. మొత్తం నష్టం ప్రకారం రెండో కౌంటీ ఎంతో భద్రంగా కనబడుతుంది. అక్కడ ఇల్లు కట్టుకున్నవారికి ఆ ఇల్లు కాలే అవకాశం మాత్రం వంద రెట్లు ఎక్కువ. జనం తక్కువున్న కౌంటీలు పటంలో చల్లని రంగులో కనబడటానికి తరచు కారణం అక్కడ పోగొట్టుకునే ఆస్తి తక్కువ కావడమే.

కోస్టిల్లా ఇందుకు మినహాయింపు కాదు. 2018 జూన్ చివర్లో ఫోర్ట్ గార్లండ్ దగ్గర రాజుకున్న స్ప్రింగ్ క్రీక్ కార్చిచ్చు కోస్టిల్లా, హువర్ఫానో కౌంటీల్లో 1,08,000 ఎకరాలను కాల్చింది. ఇళ్లూ షెడ్లూ కలిపి 140కి పైగా కట్టడాలు పోయాయి. కొండ మీది చెట్ల నీడలో ఉన్న ప్లాట్లు దెబ్బతిన్నాయి, చెట్టు లేని లోయకు పొగ మాత్రమే వచ్చింది. ఒకే కౌంటీలో నీళ్లకు దగ్గరగా ఉండే అడవి నిప్పుకూ దగ్గరగా ఉంటుంది.

నిబంధనలు లేకపోవడం వరమా, లోటా

"బిల్డింగ్ కోడ్ లేదు" అన్నది జాబితాల్లో మరో ఆకర్షణ. మిస్సోరీలోని చాలా పల్లె కౌంటీల్లో ఇళ్ల మీద కౌంటీ నియంత్రణ నిజంగానే చాలా తక్కువ. కోస్టిల్లాకు కూడా అలాంటి పేరే ఉండేది. 2015లో కౌంటీ తన భూవినియోగ నిబంధనలను గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టేసరికి, ఏళ్లుగా ట్రెయిలర్లలో, ఆర్‌వీల్లో (ఇల్లులా వాడే వాహనాల్లో) ఉంటున్న ఆఫ్‌గ్రిడ్ వాసులకూ, అంటే కరెంటు, నీటి లైన్లతో పనిలేకుండా బతికేవారికీ, కమిషనర్లకూ మధ్య గొడవ వార్తలకెక్కింది. సొంత భూమి మీద ఎలా బతకాలో చెప్పడానికి మీరెవరని ఒక పక్షం అడిగింది. సెప్టిక్ లేకుండా వందల మంది ఉంటే ఆ మురుగు అందరి భూగర్భజలంలోకే చేరుతుంది కదా అని మరో పక్షం. రెండు వాదనల్లోనూ పస ఉంది. స్థిరపడాలనుకునేవారికి తేలే విషయం ఒకటే: నిబంధన కాగితం మీద ఉండి అమలు కాకపోవడం, నిబంధనే లేకపోవడం ఒకటి కావు. మొదటిది ఒక ఎన్నికతో మారిపోవచ్చు.

దూరం గురించి రెండు వాదనలు

ప్రెపర్ల ఆలోచనలో ఒక ప్రధాన పాయకు దూరమే రక్ష. జేమ్స్ వెస్లీ రాల్స్ అనే రచయిత 2011లో "అమెరికన్ రెడౌట్" పేరుతో ఐడహో, మోంటానా, వయోమింగ్ రాష్ట్రాలకు, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల తూర్పు భాగాలకు తరలిపొమ్మని పిలుపునిచ్చారు. తక్కువ జనం, నీళ్లు, కలప, ఒకే రకం భావాలున్న పొరుగువాళ్లు అందుకు ఆయన చూపిన కారణాల్లో ముఖ్యమైనవి. పెద్ద విపత్తులో నగరాలకు సరఫరాలు ఆగిపోతాయన్నది ఈ వాదనకు మూలం, 2020లో ఖాళీ అయిన దుకాణాల అరలు దీనికి కొంత బలమిచ్చాయి. అయితే అణుదాడి భయాన్ని కూడా లెక్కలో వేసేవారు ఒక సంగతి గమనించాలి: మోంటానా మధ్య భాగంలో మాల్మ్‌స్ట్రమ్ వైమానిక స్థావరం కింద 150 ఖండాంతర క్షిపణి గోతులున్నాయి. దూరం ప్రతి ప్రమాదానికీ దూరం కాదు.

ఎదుటి వాదన ఏమంటే, నిత్యం వచ్చే ఆపదలు సమాజ పతనాలు కావు. గుండెపోటు, రంపపు గాయం, కాన్పు, ఇంటికి నిప్పంటుకోవడం ఎక్కువ తరచుగా వస్తాయి. సాన్ లూయిస్ ఊరి నుంచి అలమోసా ఆసుపత్రి దాదాపు 40 మైళ్లు. లోయలోని ప్లాటు నుంచి ముందు తారురోడ్డు దాకా రావాలి, మంచు మేటవేసిన రోజుల్లో ఆ మొదటి మైళ్లే కష్టం. హెలీన్ తర్వాత నార్త్ కరోలినా కొండల్లో సొంత బావులున్న ఇళ్లకు కూడా కరెంటు పోగానే పంపులు ఆగి నీళ్లు అందలేదు. రోడ్లు కొట్టుకుపోయిన చోట్లకు కంచరగాడిదల మీద సరుకులు చేరవేశారు.

నా అంచనాలో ఈ రెండు వాదనల మధ్య తేడా అభిప్రాయానిది కన్నా కాలవ్యవధిది. మూడు రోజుల ఆపదకు పొరుగువాళ్లు, ఆసుపత్రి, రోడ్డు ముఖ్యం. మూడు వారాలకు నిల్వలు, చేతిపంపు, వంటచెరకు. మూడేళ్లు దాటితే నేల, నీటి హక్కు, విత్తనం. ఏ కౌంటీ మంచిదన్న జవాబు ఎంతకాలపు ఆపద అన్నదాన్ని బట్టి మారుతుంది, మొదటి రకమే ఎక్కువ వస్తుంది.

పాత హక్కులున్న ఊళ్లో కొత్త ప్లాటు

కోస్టిల్లాను ఆసక్తికరం చేసేది మరొకటి ఉంది. మార్కుల పట్టికల్లో దానికి గడి ఉండదు. ఈ ప్రాంతం మెక్సికో ప్రభుత్వం 1844లో ఇచ్చిన సాంగ్రె డి క్రిస్టో భూదానంలోనిది. 1851లో న్యూ మెక్సికో నుంచి వచ్చి సాన్ లూయిస్‌లో స్థిరపడిన స్పానిష్ భాషా కుటుంబాలు నేలను ఏటి ఒడ్డు నుంచి మెరక దాకా సన్నని పొడవాటి పట్టీలుగా కోసుకున్నాయి. అలా ప్రతి ఇంటికీ కొంత తడినేల, కొంత మేత నేల వచ్చాయి. నీటిని అసేకియా అనే ఉమ్మడి కాలువల ద్వారా పంచుకుంటారు, ఏటా కాలువ పూడిక అందరూ కలిసి తీస్తారు. కట్టెలు, కలప, మేత మాత్రం ఊరి వెనుక కొండ మీదివి. 1960లో జాక్ టేలర్ అనే కలప వ్యాపారి ఆ కొండను, దాదాపు 77,000 ఎకరాలను, కొని కంచె వేశాడు. దశాబ్దాల వ్యాజ్యం తర్వాత 2002లో కొలరాడో సుప్రీంకోర్టు లొబాటో వర్సెస్ టేలర్ కేసులో పాత భూదారుల వారసులకు మేపుకునే, కట్టెలూ కలపా తెచ్చుకునే హక్కును పునరుద్ధరించింది. వేట, చేపల హక్కును మాత్రం ఇవ్వలేదు.

భూదాన చరిత్ర వల్లనే కోస్టిల్లాలో ఫెడరల్ భూమి దాదాపు లేదు. కొలరాడోలోని ఇతర కొండ కౌంటీల్లో జాతీయ అడవికి పోయి పర్మిట్ మీద కట్టెలు తెచ్చుకోవచ్చు. ఇక్కడ కంటికి కనిపించే అడవంతా ఎవరో ఒకరి సొత్తు. ఏటి ఒడ్డు పట్టీ వారసుడికి 1850ల నాటి నీటివాటా, కొండ మీద కట్టెల హక్కు, కాలువ పనికి కలిసొచ్చే పొరుగు ఉన్నాయి. ఇరవై మైళ్ల అవతల ఐదెకరాల ప్లాటు కొన్నవారికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఇద్దరి చిరునామాలోనూ కౌంటీ పేరు ఒకటే.

టెక్సాస్ కౌంటీ వైపు చూస్తే

మిస్సోరీ ఓజార్క్ కొండల్లోని ఈ కౌంటీ విస్తీర్ణం దాదాపు 1,180 చదరపు మైళ్లు, కోస్టిల్లాకు కాస్త తక్కువ. జనాభా మాత్రం ఏడు రెట్లు, సుమారు 24,500. కౌంటీ కేంద్రమైన హ్యూస్టన్‌లో ఆసుపత్రి ఉంది, మార్క్ ట్వేన్ జాతీయ అడవి కొంత భాగం ఇక్కడే ఉంది, పంటకాలం ఐదారు నెలలు. ఓజార్క్‌లోనే సేమూర్ చుట్టుపక్కల కరెంటు తీగ లేకుండా జీవించే ఆమిష్ అనే సంప్రదాయ క్రైస్తవ సమాజం ఉందంటే, ఆ వాతావరణంలో అది సాధ్యమనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

లోట్లూ తక్కువేమీ కావు. మెరక నేలలు రాళ్లమయం, పశువుల మేతకు బాగుంటాయి గాని కూరగాయలకు కష్టం. మంచి మట్టి ఏటి పల్లాల్లో ఉంటుంది, 2017 వసంతంలో ఓజార్క్ నదులు పాత రికార్డులు దాటి పొంగినప్పుడు మునిగింది అలాంటి పల్లాలే. అడుగున సున్నపురాతి సొరంగాలుండటం వల్ల ఎక్కడో పైన కలిసిన మురుగు వడగట్టుకోకుండానే బావిలోకి రాగలదు. టోర్నడోలు, 2007 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు పోగొట్టినటువంటి ఐసు తుఫానులు మామూలే. లోన్ స్టార్ అనే గోమారి కరిస్తే కొందరికి ఎర్రమాంసం పడని అలర్జీ పట్టుకుంటుంది. సొంత పశువుల మాంసం మీద బతకాలనుకున్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

మార్కులు కూడితే ఒక జవాబు, గుణిస్తే మరొకటి

ఆరు అంశాలకు పదేసి మార్కులు వేద్దాం. అంకెలు నావి, పద్ధతిని చూపడానికే. కోస్టిల్లాలోని ఐదెకరాల ప్లాటుకు భూమి ధరలో 10, తక్కువ జనంలో 10, సోలార్‌కు కావలసిన ఎండలో 10, నీళ్లలో 1, పంటకాలంలో 3, వైద్యంలో 3 వేస్తే మొత్తం 37. టెక్సాస్ కౌంటీలో ఓ మామూలు స్థలానికి అదే వరసలో 6, 6, 6, 9, 8, 6 వేస్తే 41. ఇక జనానికి దూరంగా ఉండటమూ ధరా ముఖ్యమనుకునేవారు ఆ రెంటికీ రెట్టింపు విలువ ఇస్తే కోస్టిల్లా 57, టెక్సాస్ 53 అవుతాయి, వరస తారుమారవుతుంది. ఒకే కౌంటీకి రెండు జాబితాల్లో రెండు స్థానాలు వచ్చేది ఇలాగే.

కూడిక వెనుక ఒక ఊహ ఉంది: నీళ్ల లోటును ఎండ పూడ్చగలదని. అది జరగదు. ఒకటి లేకపోతే మిగతావన్నీ కుంటుపడతాయన్నది లెక్కలోకి రావాలంటే మార్కులను గుణించాలి. అప్పుడు కోస్టిల్లా ప్లాటుకు 9,000, టెక్సాస్ స్థలానికి 93,312 వస్తాయి. ఇదే కోస్టిల్లాలో 35 ఎకరాలు, గృహావసర బోరు ఉన్న స్థలమైతే నీళ్ల మార్కు 6కు పెరిగి, ధర మార్కు 7కు పడి, లబ్ధం 37,800 అవుతుంది, మొదటి ప్లాటుకు నాలుగు రెట్లు పైమాటే. కౌంటీ మారలేదు, ఎండా చలీ మారలేదు, పర్మిట్ రకం మారింది.

గుణకారానికీ విమర్శ ఉంది. ఒక్క అంకె తప్పుగా వేస్తే ఫలితం మొత్తం ఒరిగిపోతుంది, పైగా డబ్బున్నవారు నీళ్లు కొనుక్కోగలరన్న సంగతి అందులో కనబడదు. నెలకు ఆరు ట్యాంకులు తెచ్చుకునే స్తోమత, ఓపిక ఉన్న పెన్షనరు దంపతులు తోట, పశువులు అనుకోకుండా ఆ లోయలో ప్రశాంతంగా బతకవచ్చు, బతుకుతున్నవారున్నారు. దాన్ని హోమ్‌స్టెడింగ్ అనవచ్చా అన్నది వేరే చర్చ.

వీసా మీద ఉన్నవారికి వర్తించే ఒక చట్టం

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లోనూ పొలం కొందామన్న మాట వినిపిస్తోంది గనుక ఈ ఒక్కటి చెప్పాలి. 1978 నాటి విదేశీ వ్యవసాయ పెట్టుబడుల వెల్లడి చట్టం కింద పౌరసత్వం గాని శాశ్వత నివాస హోదా గాని లేనివారు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. హెచ్-1బి మీద ఉన్నవారు కూడా ఈ నిర్వచనంలోకే వస్తారు. అమ్మకానికి పెద్దగా ఏమీ పండించని పదెకరాల లోపు స్థలాలకు మినహాయింపు ఉంది. ఇది నిషేధం కాదు, వెల్లడి మాత్రమే, అయితే చెప్పకపోతే జరిమానా ఉంది. దీనికి పైన మిస్సోరీతో సహా కొన్ని రాష్ట్రాలు విదేశీయుల చేతిలోని వ్యవసాయ భూమి మీద సొంత పరిమితులు పెట్టాయి, కొలరాడోలో పొందిన సమాధానం అక్కడ చెల్లదు.